డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

అన్నము ముందుండియు తినజాలక, తిన్నదియు ఒంటబట్టక, దినదినమునకు కృశించి మరణించు రోగమొకటి కలదు. ఆంగ్లవైద్యులు దీనిని స్ప్రూ అందురు. మన వైద్యులు గ్రహణి యని చెప్పు రోగములలో నిదియు చేరును. ఈ వ్యాధి యొక తెలుగు కుటుంబమునుండి ఇరువురు సోదరులను కొద్దిదినముల వ్యవధిలో గొనిపోయెను. మూడవ సోదరుని పట్టి, మరణద్వారము చూపి విడిచెను. ఆ మూడవవారే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

వీరు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మన వినుకొండలో జాషువ కవిగారు పుట్టినదియు ఆ యేడే. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. సంతానము పెద్దది, సంపాదన చిన్నది. పదమూడేండ్ల ప్రాయమున సుబ్బారావుగారు కాశికి బోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని యిల్లు విడిచి పారిపోగా, తల్లి పట్టి తెప్పించి మరల బడిలో గూర్చుండబెట్టినది. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు పర్యాయములు తప్పి, మూడవ పర్యాయము చెన్నపురి హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. పరీక్ష తప్పిన విద్యార్థులెవరైన నిది చదువుచున్నచో, ఈ వాక్యమును రెండుమారులు చదువుకొనవచ్చును.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచు రామకృష్ణ మఠమున సన్యసింపగోరిరి గాని తల్లి సమ్మతింపలేదు. సన్యాసమునకు బదులు వైద్యసేవ మేలని తలచి చెన్నపురి వైద్యకళాశాలలో జేరిరి. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ధనసహాయ మొనర్చిరి. గాంధీమహాత్ముని పిలుపు విని శస్త్రచికిత్సాశాలలో ఖద్దరు దుస్తులు ధరించుటచే ఆచార్యుని యాగ్రహమునకు పాత్రులై, పెద్ద పట్టమునకు బదులు ఎల్. ఎం. ఎస్. పట్టము మాత్రమే పొందిరి. స్ప్రూ వ్యాధి తమ్ము బాధించినప్పుడు వీరిని బ్రతికించినవారు ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతిగారు. పిదప వారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రము బోధించిరి.

ఈ రోగస్వభావ మించుక తెలిసికొందము. ఆకలి యనునది కడుపునకు మాత్రమే సంబంధించినది కాదు. జీర్ణాశయము ఖాళీయైనపుడు గ్రెలిన్ అను హార్మోను రక్తములో గలసి, మెదడునందలి హైపోథాలమస్ అను భాగమును జేరి తినుమని ప్రేరేపించును. జపాను శాస్త్రజ్ఞులు దీనిని 1999లో గనుగొనిరి. ఆహారము చిన్నప్రేగు మొదటిభాగమును జేరగానే కోలిసిస్టోకైనిన్ అనునదియు, కడపటి భాగమును జేరినపుడు పెప్టైడు వై-వై అనునదియు వెలువడి, చాలునని మెదడునకు దెలుపును. ఆరోగ్యవంతుడు తిన్నదానిలో అధికభాగము పైప్రేగులలోనే యింకిపోవును గనుక కడపటికి జేరునది స్వల్పము. స్ప్రూ రోగికి ప్రేగు లోపొర అరిగిపోవుటచే అన్నసారము ఇంకక దిగువకు జారును. ఇట్టివారి రక్తమున పెప్టైడు వై-వై హెచ్చుగా నుండుట పరీక్షలలో దేలినది. అనగా శరీరము పస్తుండగా, కడుపు నిండినదను వార్త మెదడునకు చేరుచుండును! రోగికి అన్నము సహింపకపోవుటకు ఇదియొక కారణము కావచ్చును. ఇక నాలుక పుండ్లుపడి, మన ప్రాంతపు మిరపకారము మాట యటుండ, ఉప్పును సైతము సైపదు. ఈ సంగతులు సుబ్బారావుగారి కాలమున నెవరికిని దెలియవు. సోదరుల నేది హరించెనో తెలిసికొనవలెనను పట్టుదల మాత్రము వారికుండెను.

కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మనిధి సహాయముతో 1922 అక్టోబరులో బోస్టను నగరము జేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశరోగముల శాస్త్రము నభ్యసించిరి. వైద్యపట్టము గలవారైనను, భుక్తికై ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరచిరి. ఆ దంపతుల యేకైక సంతానము, తండ్రి సముద్రములకావల నుండగనే, శైశవమున గతించెను. మూడేండ్లలో తిరిగివత్తునని భార్యకిచ్చిన మాట నెరవేరలేదు.

సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో గూడి రక్తములో భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. అది నేటికిని వారిరువురి పేరనే ప్రసిద్ధము. కండరములలో ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఏ.టి.పి. అను పదార్థమును 1929లోను వెల్లడించిరి. జర్మనీలో లోమన్ అనువారు గూడ ఏ.టి.పి.ని ఆ కాలముననే కనుగొనిరి. ప్రాణికణము చేయు ప్రతిపనికిని శక్తినిచ్చునది యిదియే. శక్తి యెంత మిగిలియున్నదో హైపోథాలమస్ కణములు గ్రహించుటకు సైతము దీని హెచ్చుతగ్గులొక యాధారము. ఇంతచేసినను హార్వర్డులో స్థిరోద్యోగము లభింపలేదు.

1940లో న్యూయార్కు సమీపమునగల పెర్ల్ రివర్ లో లెడర్లీ పరిశోధనశాలకు మారిరి. అచ్చటనే వారి అసలు కోరిక యీడేరెను. బొంబాయి గర్భిణీస్త్రీల రక్తహీనత ఈస్టుసారముచే నయమగుచున్నదని లూసీ విల్స్ అను వైద్యురాలు 1931లో ప్రకటించియుండెను. ఆ సారములోని గుణకారి ఫోలిక్ ఆమ్లము. సుబ్బారావుగారి బృందము 1945లో దీనిని కృత్రిమముగా దయారుచేసిరి. వెంటనే క్యూబా, పోర్టోరికో దీవులలో స్ప్రూ రోగుల కీయగా, నాలుక మానినది, రక్తము పట్టినది, రోగులు కడుపార తినసాగిరి.

అది సంపూర్ణచికిత్స కాదు. రోగకారకములైన సూక్ష్మజీవులను గూడ నణచవలెను. అందులకు టెట్రాసైక్లిన్ జాతి మందులు వలయును. ఆ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను మట్టిలోని సూక్ష్మజీవినుండి తీసినవారు బెంజమిన్ డగ్గరు అను వృద్ధశాస్త్రజ్ఞుడు. ఆయన పనిచేసినదియు సుబ్బారావుగారి యాజమాన్యముననే. స్ప్రూకు ఫోలిక్ ఆమ్లమును, టెట్రాసైక్లిన్‌ను గలిపి యిచ్చుటయే నేటి చికిత్స. బోదకాలు వ్యాధికి హెట్రజాన్, పిల్లల రక్తపు పుట్టకురుపునకు ఫోలిక్ ఆమ్లవిరోధి మందులు గూడ ఆ శాలనుండి వెలువడినవే. వానిని గూర్చి వేరొక వ్యాసము వ్రాయవలసియుండును.

సుబ్బారావుగారు మాతృదేశమునకు తిరిగి రానేలేదు. 1948 ఆగస్టు మాసమున, ఏబదిమూడేండ్ల వయస్సున, నిద్రలో గుండె ఆగి కాలధర్మము జెందిరి. ఆరియోమైసిన్ లోకమునకు ప్రకటింపబడినదియు ఆ యేడే.