మన్రో దొర వేయించిన తరాలు

సర్ థామస్ మన్రో అంటే మన వైపు చాలామందికి తిరుమల కొండమీది మన్రో గంగాళం గుర్తుకొస్తుంది. మంత్రాలయం కథ కూడా వినే వుంటారు. ఆ కథల జోలికి నేను పోవడం లేదు. శిస్తు లెక్కల మన్రోను గురించి రాస్తాను. స్టాటిస్టిక్స్ చదివే రైతుబిడ్డకు ఆయనే దగ్గరివాడు.

మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గోలో జన్మించాడు. 1780లో కంపెనీ సైన్యంలో కేడెట్‌గా చేరి మద్రాసులో దిగాడు. వచ్చీ రాగానే హైదరాలీతో యుద్ధం. 1792 నుంచి ఏడేళ్ళు సేలం వైపు బారామహలులో అలెగ్జాండర్ రీడ్ కింద రెవిన్యూ పని నేర్చాడు. కత్తి పట్టినవాడు కరణం లెక్కల్లో పడ్డాడన్నమాట!

1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి ధారపోశాడు. మన్రో వాటికి ప్రిన్సిపల్ కలెక్టరై 1807 దాకా వున్నాడు. మన మదనపల్లె, వాయల్పాడు ప్రాంతాలు కూడా అందులోవే. అవి కడప జిల్లాలో వుండి, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు కలిశాయి. 80 మంది దాకా పాళెగాళ్ళను అణచి గుడారంలోనే కాపురముంటూ ఊరూరా తిరిగాడు. ఆ అణచివేతను నేను మెచ్చుకోలేను. కానీ ఆ తిరుగుడులోనే ఆయన అసలు పని జరిగింది.

1802లో సర్వే మొదలైంది. 33 అడుగుల గొలుసుతో చేను చేనూ కొలిచి నెంబరు వేశారు. కొలవడం సులువే. అంకెలకు వాటి వరుస వాటికే వుంది, రెండెకరాల తరువాత మూడెకరాలు. నేల మంచిచెడ్డలు అలా కాదే! మెట్ట, మాగాణి, తోట అనేవి ఉత్త పేర్లు. ఒక్క మెట్టలోనే రేగడి వుంది, ఎర్రనేల వుంది, గరుసు వుంది. వీటిని మెట్లు మెట్లుగా పేర్చడాన్నే మన రెవిన్యూ మాటల్లో తరం వేయడం అంటారు. మన్రో మనుషులు రెడ్డిని, కరణాన్ని, రైతులను వెంటబెట్టుకుని పొలాలు తిరిగి, ఏది పైది ఏది కిందిదో వాళ్ళనడిగి తేల్చారు.

ఈ పని విలువ నాకు మా ల్యాబులో ఆర్ అనే కంప్యూటరు భాష నేర్చుకునేటప్పుడు తెలిసింది. ఉత్తమం, మధ్యమం, అధమం అని నేలల పేర్లిచ్చి ఫ్యాక్టర్‌గా మార్చమంటే అది అక్షరక్రమం పట్టుకుంటుంది. మొదట అధమం, తరువాత ఉత్తమం, చివర మధ్యమం! గ్రాఫు కూడా ఆ వరుసలోనే వస్తుంది. సరైన వరుసను లెవెల్స్ అనే చోట మనమే రాసి, ఫ్యాక్టర్‌ను మళ్ళీ కట్టాలి. అలా కాకుండా, వున్న ఫ్యాక్టర్ లెవెల్స్ మీద కొత్త వరుసను అంటగడితే వరుస మారదు, పేర్లు మారిపోతాయి. గరుసు నేల ఉత్తమమై కూర్చుంటుంది. యంత్రం తప్పని కూడా చెప్పదు. కాగితం మీద అది చిన్న సంగతే. శిస్తు కట్టే రైతుకు మాత్రం కొంప మునుగుతుంది.

తరాలు ఎంత జాగ్రత్తగా వేసినా రేటు ఎక్కువైతే ఏం లాభం? మన్రో అంచనా ప్రకారమే శిస్తు పంటలో నూటికి 45 వంతులు. 1807లో వెళ్ళిపోయే ముందు, అన్ని నేలలకూ పాతిక శాతం, బావులకింది నేలలకు మరో 8 శాతం తగ్గించమని రాశాడు. 45లో పావు తీస్తే 33.75, అంటే మూడో వంతు చిల్లర. కపిల తోలి నీళ్ళు పారించేవాడి కష్టానికి ఆ 8 శాతం. కంపెనీ వినలేదు. రైతువారీనే తీసేసి ఊళ్ళకు ఊళ్ళు గుత్తకిచ్చింది, మొదట మూడేళ్ళకు, తరువాత పదేళ్ళకు. గుత్తదారులు చాలామంది చితికిపోయారు.

1814లో మన్రో న్యాయవిచారణ సంస్కరణల కమిషన్ పనిమీద తిరిగివచ్చాడు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. తాను అడిగిన తగ్గింపును తానే అమలు చేయించాడు. రైతువారీ మళ్ళీ వచ్చింది. మా నాయన పాసుపుస్తకంలో సర్వే నెంబరు పక్కన మెట్ట అని చూసినప్పుడల్లా నాకు ఆ 33 అడుగుల గొలుసు గుర్తుకొస్తుంది.

స్వదేశానికి పోయే ముందు ఒకసారి దత్తమండలాలు చూడాలని బయలుదేరిన మన్రో, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించాడు. గుత్తిలో పూడ్చి, 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి మార్చారు. పత్తికొండలో ఆయన పేరిట ఒక బావి తవ్వించి, చింతతోపు వేయించారు.