కర్నల్ బెర్డాన్ - రెండు రంధ్రాల కథ

మన .303 ఖాళీ కేసు లోపలికి టార్చి వేసి ఎప్పుడైనా చూశారా? అడుగున సన్నటి రెండు రంధ్రాలుంటాయి. అది హైరం బెర్డాన్ చలవ. ఆర్మరర్‌గా రిటైరై నోయిడాలో ఉంటున్న నన్ను తుగ్లకాబాద్ రేంజి కుర్రాళ్లు ఏ సైజింగ్ డై కొనాలని అడిగితే ముందు ఆయన కథే చెప్తాను.

1824లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టిన బెర్డాన్ ఇంజనీరు, మంచి గురికాడు. 1861లో అమెరికా అంతర్యుద్ధం రాగానే షార్ప్‌షూటర్ల రెజిమెంటు లేపాడు. 200 గజాల నుంచి పది గుళ్లూ పది అంగుళాల వలయంలో పడితేనే భర్తీ! యుద్ధభూమిలో ఆయన ధైర్యం మీద తోటి అధికారులకు సదభిప్రాయం లేదు. నా మటుకు ఆయన పనిముట్ల దగ్గరే గొప్పవాడు.

1866లో తన ప్రైమరుకి పేటెంటు పొందాడు. అప్పుడే ఇంగ్లండులో కర్నల్ బాక్సర్ నడిమధ్య ఒకే రంధ్రంతో ఇంకోటి చేశాడు. చిత్రమేమంటే, అమెరికా బాక్సర్‌ది పట్టుకుంది, యూరప్ సైన్యాలు బెర్డాన్‌ది.

మామూలు డైలో సూది మధ్యలోనే దిగుతుంది. బెర్డాన్ కేసు పెడితే సూది విరిగి చేతికొస్తుంది. అందుకే ముందు కేసు చూడాలి, ఆ తర్వాతే డై. పేల్చిన రైఫిలుకే మళ్లీ వాడేటట్లయితే మెడ నొక్కే డై చాలు, ఇత్తడి మన్నుతుంది. వేరే రైఫిల్లో పేలినదైతే నిలువునా నొక్కాల్సిందే. భుజం మరీ వెనక్కి నెట్టారో, అడుగు దగ్గర కేసు తెగుతుంది. ఇదంతా లైసెన్సు ఉన్నవాళ్లకే సుమా, 1959 ఆయుధ చట్టం మాజీ సైనికులకీ వర్తిస్తుంది.

బెర్డాన్ రైఫిలుని రష్యా సైన్యం తీసుకుంది. ఆయన 1893లో వాషింగ్టన్‌లో కన్నుమూశాడు. సమాధి ఆర్లింగ్టన్‌లో ఉంది.