మారని అంకెకు కాపలా: క్రిస్టఫర్ స్ట్రేచీ జీవితం

కంప్యూటరు శాస్త్రాన్ని నిలబెట్టిన వాళ్ళెవరంటే ట్యూరింగ్, ఫాన్ న్యూమన్ అని వెంటనే చెప్పేస్తాం. ఆ వరుసలోనే తలచుకోవలసిన మరో పేరు క్రిస్టఫర్ స్ట్రేచీ. ప్రోగ్రాము రాసేటప్పుడు మనం రోజూ వాడే స్థిరరాశి, చలరాశి, పరామితి అనే మాటలకు అసలు అర్థమేమిటో తేల్చడానికి కూర్చున్న మనిషి ఆయన. చూడడానికి ఇది చిన్న సంగతే. కానీ ఈ చిన్న సంగతి తేలకపోతే ఎంత పెద్ద లెక్కయినా తప్పుతుంది.

స్ట్రేచీ 1916 నవంబరు 16న లండన్‌లో జన్మించాడు. ఆ కుటుంబానికి మన దేశంతో సంబంధం ఉంది. తాత రిచర్డ్ స్ట్రేచీ ఇక్కడ ఇంజనీరుగా పనిచేశాడు. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునే 1876-78 నాటి కరువు తరువాత ప్రభుత్వం వేసిన కరువు కమిషన్‌కు ఆయనే అధ్యక్షుడు. తండ్రి ఆలివర్ కొంతకాలం ఈస్టిండియన్ రైల్వేలో ఉద్యోగం చేసి, తరువాత ఇంగ్లండులో రహస్య లిపులు విప్పే పనిలో పేరు తెచ్చుకున్నాడు. తల్లి రే స్ట్రేచీ స్త్రీల ఓటు హక్కు కోసం పోరాడింది. రచయిత లిటన్ స్ట్రేచీ ఆయనకు స్వయానా పినతండ్రి.

ఇంత పేరున్న ఇంట పుట్టినా చదువులో స్ట్రేచీ మెరుపులేమీ మెరిపించలేదు. 1935లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీలో చేరాడు. మూడో ఏట మనసు బాగా దెబ్బతిని చదువు ఆగింది. కోలుకుని 1939లో డిగ్రీ పూర్తిచేశాడు గాని, వచ్చింది రెండో తరగతిలో కింది మెట్టు. పరిశోధన చేయాలన్న ఆశ అక్కడితో అడుగంటింది. యుద్ధకాలమంతా ఒక టెలిఫోను కంపెనీలో రేడియో వాల్వుల డిజైను లెక్కలు చేశాడు. లెక్కలు చేసే యంత్రాల మీద గురి కుదిరింది అక్కడే. యుద్ధం ముగిశాక బడిపంతులయ్యాడు. మొదట కాంటర్‌బరీలో, 1949 నుంచి హారో స్కూల్లో పాఠాలు చెప్పాడు.

1951లో ఆయన జీవితం మలుపు తిరిగింది. ఒక స్నేహితుడి ద్వారా నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో పైలట్ ఏస్ అనే కంప్యూటరును చూసే అవకాశం దొరికింది. సెలవుల్లో కూర్చుని, ఆ యంత్రం డ్రాఫ్ట్స్ ఆట ఆడేటట్లు ప్రోగ్రాము రాశాడు. ఆ యంత్రం మెమరీ చాలలేదు. మాంచెస్టరులో ఇంకా పెద్ద యంత్రం ఉందని విని, ట్యూరింగ్ రాసిన వివరాల పుస్తకం తెప్పించుకుని, ప్రోగ్రామును మళ్ళీ రాశాడు. 1952 నాటికి ఆ యంత్రం ఆట మొత్తం ఆడగలిగింది. అప్పటికి ఆయనకు 35 ఏళ్ళు. పీహెచ్‌డీ లేదు, ఉన్నది బడిపంతులు ఉద్యోగం. ఆ ఏడే బడి వదిలి నేషనల్ రీసెర్చ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌లో చేరాడు. 1959లో అదీ మానేసి, సొంతంగా సలహాదారుగా పనిచేస్తూ, పీటర్ లాండిన్ అనే యువకుణ్ణి సహాయకుడిగా పెట్టుకున్నాడు.

అప్పట్లో ప్రోగ్రామర్లను ఒక చిత్రమైన తప్పు ఏడిపిస్తూ ఉండేది. 1958లో వచ్చిన ఫోర్ట్రాన్ రెండో రూపంలో సబ్‌రొటీన్లు రాసుకునే వీలు కలిగింది. సబ్‌రొటీనుకు 2 అనే అంకెను పంపామనుకోండి. చాలా కంపైలర్లు ఆ 2ని మెమరీలో ఒక గదిలో దాచి, ఆ గది చిరునామాను పంపేవి. సబ్‌రొటీను తనకు వచ్చిన పరామితికి 1 కలిపితే గదిలోని 2 కాస్తా 3 అయ్యేది. ఆ తరువాత ప్రోగ్రాములో 2 అని రాసిన చోట కూడా 3 లెక్కకు రావచ్చు. యంత్రం తప్పని చెప్పదు. కాగితం మీద రాసింది రాసినట్టే ఉంటుంది, జవాబు మాత్రం తప్పుతుంది. ఎన్ని రాత్రులు వెతికినా దొరకని తప్పు ఇది.

1962లో స్ట్రేచీ కేంబ్రిడ్జికి తిరిగివచ్చి, సీపీఎల్ అనే కొత్త భాష తయారుచేసే బృందంలో చేరాడు. పరామితిని ఏ పద్ధతిలో అందించాలో అందులో ప్రోగ్రామరే చెప్పాలి. రైతు ఇంట్లో ఉదాహరణతో ఇది సులువుగా తెలుస్తుంది. పొరుగువాడు విత్తనాలు అడిగితే కుంచంతో కొలిచి ఇవ్వవచ్చు. అతను వాటిని చల్లుకున్నా, తిన్నా మన గాదెకు లోటు లేదు. ఇది విలువను అందించడం. అలా కాకుండా గాదె తాళమే చేతికిచ్చామా, లోపలున్నది తగ్గవచ్చు, మారవచ్చు. ఇది చిరునామాను అందించడం. రెండూ అవసరమే. కానీ ఏది ఇచ్చామో ఇద్దరికీ తెలిసి ఉండాలి. ఫోర్ట్రాన్‌లో జరిగిన గొడవల్లా, గింజలిచ్చామనుకుని తాళం ఇవ్వడమే.

1965లో ఆక్స్‌ఫర్డులో ప్రోగ్రామింగ్ రీసెర్చ్ గ్రూపు మొదలైంది. దానికి నాయకుడు స్ట్రేచీయే. 1967 ఆగస్టులో కోపెన్‌హాగెన్ వేసవి పాఠశాలలో ఆయన ఇచ్చిన ఉపన్యాసాల్లో ఈ ఆలోచన పూర్తి రూపం దాల్చింది. ఒక చలరాశికి రెండు ముఖాలు ఉంటాయన్నాడు. ఒకటి అది ఉండే తావు, రెండోది ఆ తావులో ఉన్న విలువ. మొదటిది ఎల్-విలువ, రెండోది ఆర్-విలువ. స్థిరత్వం అనేది అంకెకు చెందిన గుణం కాదు, తావుకు చెందిన గుణం అని ఆయన తేల్చాడు. అంకె ఎలాగూ మారదు. 2 ఎప్పటికీ 2యే. మారేదల్లా తావులో ఉన్న సరుకు. కాబట్టి కొత్త తావును పుట్టించేటప్పుడే అది మారవచ్చునో కూడదో చెప్పేయాలి.

ఈ ఒక్క మాట పట్టుకుని చూస్తే తరువాతి భాషలన్నీ వరుసగా అర్థమవుతాయి. సీపీఎల్ పూర్తిగా అమలుకు రాలేదు. దాన్ని కుదించి మార్టిన్ రిచర్డ్స్ 1967లో బీసీపీఎల్ చేశాడు. అందులో మానిఫెస్ట్ అని చెప్పిన పేరుకు మెమరీలో గదే ఉండదు, కనుక మార్చడమన్న మాటే లేదు. 1970లో నిక్లాస్ విర్త్ చేసిన పాస్కల్‌లో, మార్చడానికి వీలున్న పరామితికి అంకెను పంపితే కంపైలరు ఒప్పుకోదు. బీసీపీఎల్ నుంచి బీ, బీ నుంచి సీ పుట్టాయి. సీ ఏదైనా విలువనే కొలిచి ఇస్తుంది. చిరునామా కావాలంటే మనమే పాయింటరు పంపాలి. సీ ప్లస్ ప్లస్‌లో స్ట్రౌస్ట్రప్ పెట్టిన కాన్‌స్ట్ అనే మాట 1989 ప్రమాణంతో సీలోకి వచ్చింది. అక్కడ పాయింటరును స్థిరం చేయడం వేరు, అది చూపే గదిని స్థిరం చేయడం వేరు. పరీక్షల్లో మనవాళ్ళు తికమకపడేది ఇక్కడే. ఫోర్ట్రాన్ కూడా బుద్ధి తెచ్చుకుంది. 1977 ప్రమాణంలో స్థిరరాశికి పేరు పెట్టే పద్ధతి, 1990 ప్రమాణంలో ఈ పరామితిని మార్చకూడదు అని ముందే చెప్పే పద్ధతి వచ్చాయి. జావాలో ఫైనల్, 2015 నుంచి జావాస్క్రిప్టులో కాన్‌స్ట్ పేరును మాత్రం కట్టివేస్తాయి. ఆ పేరుతో ఉన్న పట్టిక లోపలి సరుకును మాత్రం మార్చవచ్చు. పైథాన్‌లో ఆ కట్టూ లేదు, పెద్ద అక్షరాలతో పేరు రాసి తోటివాళ్ళ మర్యాదకు వదిలేయడమే.

1969లో డానా స్కాట్ ఆక్స్‌ఫర్డు వచ్చాడు. ప్రోగ్రాము అర్థాన్ని గణితంగా చెప్పే శాస్త్రానికి ఇద్దరూ కలిసి పునాది వేశారు. 1971లో స్ట్రేచీ ప్రొఫెసర్ అయ్యాడు. నచ్చేదాకా దేన్నీ అచ్చుకు ఇవ్వని స్వభావం ఆయనది. 1975 మే 18న, 58వ ఏట, కామెర్ల జబ్బుతో కన్నుమూశాడు. కోపెన్‌హాగెన్ ఉపన్యాసాలు ఆయన బతికుండగా పత్రికలో అచ్చు కాలేదు. చేతులు మారిన ప్రతుల్లోనే ఒక తరం వాటిని చదువుకుంది. 2000లో, అంటే 33 ఏళ్ళ తరువాత, అవి అచ్చయ్యాయి.

మార్కుల జాబితా చూసి మనిషిని కొలిచేవారికి స్ట్రేచీ జీవితం ఒక జవాబు. ప్రోగ్రాము రాసే మనకు మాత్రం ఆయన ఇంకో పని కూడా అప్పగించి పోయాడు. ఏ భాష ఎంత కాపలా కాస్తుందో అది దాని పద్ధతి. ఒక ప్రమేయం చేతికి ఏదైనా ఇచ్చేముందు, గింజలు ఇస్తున్నామా తాళం ఇస్తున్నామా అని అడుగుకోవలసింది మనమే.