భయానికి నవ్వు నేర్పిన విఠలాచార్య

నవరసాలలో భయానకానికి స్థాయీభావం భయం, అద్భుతానికి విస్మయం, హాస్యానికి హాసం. ఈ మూడింటిని ఒకే కథలో కలిపి పల్లెటూరి ప్రేక్షకునికి పంచిపెట్టిన దర్శకుడెవరని అడిగినచో, తెలుగువారి నోట మొదట వచ్చే పేరు బి. విఠలాచార్య. ఆయన తెలుగుగడ్డపై పుట్టినవారు కారు. మూడవ తరగతి దాటి చదివినవారును కారు. అయినను ఆయన పేరు మన భాషలో ఒక విశేషణమై నిలిచినది. నమ్మశక్యం కానిది ఏది జరిగినను, అది విఠలాచార్య సినిమావలె ఉన్నదనుట మన వాడుక. ఆ మాటలో కొంత వెక్కిరింత కలదు. కొంత వాత్సల్యమూ కలదు. ఈ రెండింటిలో ఆయనకు న్యాయంగా చెందవలసినది ఏదో తెలియవలెనన్న, ఆయన జీవితాన్ని ఒకసారి పరికింపవలెను.

ఈ పరిశీలనకు నేడొక ప్రత్యేక సందర్భం కూడ ఉన్నది. హైదరాబాదు నగరానికి పడమట, సైబరాబాదు కార్యాలయాల నడుమ ఖాజాగూడ కలదు. ఒకప్పుడది గుట్టలకు, చెరువుకు ఆనుకొని ఉన్న చిన్న పల్లె. నేడక్కడ మేడల మీద మేడలు లేచినవి. దేశదేశాల సంస్థలలో పనిచేయు యువకులు కాపురం చేయుచున్నారు. వారితోపాటు అక్టోబరు మాసాంతంలో హాలోవీన్ అను పాశ్చాత్యుల పండుగ కూడ వచ్చి చేరినది. పిల్లలు అస్థిపంజరాల వేషాలు కట్టుదురు. పెద్దలు పాత భూతాల చిత్రాలను తెరపై వేసికొని చూతురు. 1931లో వెలువడిన ‘డ్రాక్యులా’, ‘ఫ్రాంకెన్‌స్టైన్’ వంటివి ఆ వరుసలో పెద్దపీట వేయదగినవి.

ఇందులో ఆక్షేపింపవలసినది ఏమియు లేదు. ఐర్లండు మొదలగు దేశాల ప్రాచీనులు పంటకాలం ముగిసి చలికాలం అడుగుపెట్టు వేళ, చనిపోయినవారి ఆత్మలు ఇండ్లవైపు వచ్చునని నమ్మినారు. ఆ నమ్మకమే క్రైస్తవుల సర్వపునీతుల పండుగ ముందురాత్రితో కలిసి హాలోవీన్ అయినది. వలస పోయినవారి వెంట అమెరికాకు చేరినది. మనకును భాద్రపద బహుళంలో మహాలయ పక్షం కలదు. తెలంగాణంలో పెత్రమాసనాడు పెద్దలను తలచి స్వయంపాకం ఇత్తురు. ఆనాడే ఎంగిలిపూల బతుకమ్మ ఆడుదురు. చచ్చినవారిని స్మరించుట, వెంటనే పూలు పేర్చి పాడుట మన సంప్రదాయానికి కొత్త కాదు. కాని ఖాజాగూడలో డ్రాక్యులాను గుర్తుపట్టు బాలునికి, తన తాత డేరా హాలులో నేలపై కూర్చుండి చూచిన దయ్యం ఎవరిదో తెలియకపోవుట మాత్రం లోపమే. ఆ దయ్యాన్ని తీర్చిదిద్దినవారే విఠలాచార్య.

ఆయన 1920 జనవరిలో కర్ణాటకంలోని ఉడుపి సమీపమున ఉద్యావర గ్రామంలో జన్మించినారు. తండ్రి పద్మనాభాచార్య ఆయుర్వేద వైద్యులు. విఠలాచార్య ఆ ఇంట ఏడవ సంతానం. ఆ తీరప్రాంతం బయలాటకు పుట్టినిల్లు. రాత్రి తెల్లవార్లు దివిటీల వెలుగున, పెద్ద కిరీటాలతో రాక్షసులు కేకలు వేయుచు రంగప్రవేశం చేయుదురు. పసిపిల్లలు తల్లుల కొంగుచాటున దాగి చూతురు. బడిపాఠాలకంటె ఈ ఆటలే ఆ బాలుని మనస్సుకు పట్టినవి. తొమ్మిదవ ఏటనే ఇల్లు వదలి బయలుదేరినారు.

బ్రతుకుతెరువు వెదకుచు హాసన్ జిల్లాలోని అరసికెరె చేరి, కొంతకాలానికి అక్కడ ఒక హోటలు నడిపినారు. క్విట్ ఇండియా ఉద్యమం రాగా మిత్రులతో కలిసి అందులో దిగి, కారాగారవాసం అనుభవించినారు. విడుదలైన తరువాత హోటలును తమ్మునికి అప్పగించి, మిత్రుల భాగస్వామ్యంతో ఒక టూరింగు టాకీసు నెలకొల్పినారు. ఆయన కళాశాల ఇదియే అనవచ్చును.

టూరింగు టాకీసు అనగా ఈనాటి విద్యార్థులకు కొంత వివరింపవలెను. ఊరి వెలుపల బయలులో గుడారం వేయుదురు. ఒక చివర తెర, ఒక చివర యంత్రం. ప్రేక్షకులలో పెక్కుమంది నేలపైననే కూర్చుందురు. పగలంతయు పొలంలో ఒళ్లు వంచిన రైతు, కూలి, వారి బిడ్డలు చేతిలోని నాలుగు డబ్బులు ఇచ్చి లోపలికి వత్తురు. కథ నచ్చినచో ఈలలు. నచ్చనిచో అక్కడికక్కడే తీర్పు. విఠలాచార్య ఆ గుడారాన్ని స్వయంగా నడుపుచు, వచ్చిన చిత్రాన్నెల్ల చూచినారు. వారి చూపు తెరపై ఎంత ఉండెనో ప్రేక్షకుని ముఖంపై అంత ఉండెను. ఎచ్చట జనం ఊపిరి బిగబట్టుదురో, ఎచ్చట ఆవులింతురో పుస్తకాలు చెప్పలేని ఆ శాస్త్రాన్ని వారచ్చట నేర్చినారు.

1944లో జయలక్ష్మిగారితో వారి వివాహం జరిగినది. పిమ్మట మైసూరు చేరి, డి. శంకర్‌సింగ్ ప్రభృతులతో కలిసి మహాత్మా పిక్చర్స్ పేర చిత్రనిర్మాణానికి పూనుకొన్నారు. 1949లో వెలువడిన కన్నడ చిత్రం ‘నాగకన్నిక’ ఆ కాలపు ఫలమే. 1953లో విఠల్ ప్రొడక్షన్స్ అను సొంత సంస్థను స్థాపించి, అనంతరం మద్రాసుకు తరలినారు. 1955లో ‘కన్యాదానం’ ద్వారా తెలుగు తెరకు పరిచితులైనారు. ‘కన్యాదానం’, 1957 నాటి ‘వద్దంటే పెళ్ళి’ సాంఘిక చిత్రాలు. మాయలు, మంత్రాలు తప్ప వేరెరుగనివారని ఆయనను గూర్చి తలచువారు ఈ తొలి అడుగులను గుర్తింపవలెను.

1959లో వచ్చిన ‘జయవిజయ’తో దారి మారినది. అప్పటికి తెలుగు ప్రేక్షకుడు జానపదానికి సిద్ధంగానే ఉన్నాడు. 1951లో కె.వి. రెడ్డిగారి ‘పాతాళభైరవి’ నేపాళ మాంత్రికుని ఇంటింటి మాటగా చేసినది. అంతకుముందే కొరవి గోపరాజు ‘సింహాసన ద్వాత్రింశిక’, మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీమజిలీ కథలు’, అరుగులపై అవ్వలు చెప్పిన బేతాళ కథలు మన ఊహాలోకాన్ని నింపి ఉన్నవి. విఠలాచార్య ఈ నేలను గుర్తించి విత్తు వేసినారు. 1962లో ‘మదనకామరాజు కథ’ తీసినారు. నల్లగొండ సీమలో పుట్టిన కాంతారావు కథానాయకుడుగా ‘గురువును మించిన శిష్యుడు’, ‘జ్వాలాద్వీప రహస్యం’ వచ్చినవి. నందమూరి తారక రామారావుతో ‘బందిపోటు’, ‘అగ్గిపిడుగు’, ‘మంగమ్మ శపథం’, ‘పిడుగు రాముడు’ మొదలుగా పదికి మించిన చిత్రాలు తీసినారు. జనం ఆయనకు జానపద బ్రహ్మ అను బిరుదు ఇచ్చినారు.

ఈ బ్రహ్మ సృష్టికి వాడిన సామగ్రి మిక్కిలి స్వల్పం. గణకయంత్రాలు లేని కాలమది. కెమెరాను ఆపి, మనిషిని తప్పించి, అతని స్థానంలో మేకను నిలిపి మరల త్రిప్పినచో, తెరపై మనిషి మేకయగును. ఫ్రాన్సులో జార్జి మెలియే 1896లోనే ఈ ఉపాయంతో పిశాచాలను ఆడించినాడు. ఒక ఫిల్ముపైననే రెండుసార్లు చిత్రీకరించినచో, గోడ కనిపించు పారదర్శకమైన దయ్యం పుట్టును. చెట్టుపైనుండి దుమికిన దృశ్యాన్ని వెనుకకు త్రిప్పినచో, మనిషి నేలనుండి కొమ్మపైకి ఎగురును. ఇట్టి ఉపాయాలు లోకమెరిగినవే. వానిని తక్కువ వ్యయంతో, తక్కువ కాలంలో, మన కథకు తగినట్లు అమర్చుటలో విఠలాచార్య నేర్పు కలదు. నటుడు సమయానికి రానిచో ఆ పాత్రను చిలుకగానో మేకగానో శపించి చిత్రీకరణ సాగించెడివారని ఒక కథ సినీలోకంలో నేటికిని ప్రచారంలో ఉన్నది. అది నిజమైనను కల్పితమైనను, ఆయన పొదుపును, సమయపాలనను లోకం ఎట్లు గ్రహించినదో దానివలన తెలియును.

1978లో వచ్చిన ‘జగన్మోహిని’ ఈ సృష్టికి శిఖరం. నరసింహరాజు, జయమాలిని, ప్రభ అందులో ముఖ్యపాత్రధారులు. పెద్ద నటుల అండ లేకున్నను ఆ చిత్రం ఘనవిజయం పొందినది; తమిళంలోకి అనువదింపబడి అచ్చటను జనాన్ని ఆకట్టుకొన్నది. వంచనకు గురియై మరణించిన స్త్రీ మోహినీపిశాచమై వెంటాడుట, ఇల్లాలి భక్తి భర్తను కాపాడుట అందలి ఇతివృత్తం. కట్టెలకు బదులు తన కాళ్లనే పొయ్యిలో పెట్టి వంటచేయు దయ్యాన్ని చూచినవారు ఎవ్వరును మరువలేరు. అస్థిపంజరాలు నడుచును, ఆడును. పిల్లవాడు మొదట కళ్లు మూసికొనును. పిదప వ్రేళ్ల సందున చూచును. తుదకు పకపక నవ్వును.

ఈ నవ్వు దగ్గరనే విఠలాచార్య ప్రత్యేకత కలదు. పాశ్చాత్యుల డ్రాక్యులా కోట ఎక్కడో కొండలలో ఉన్నది. దాని భయం చలివలె ఎముకలకు పాకును. విఠలాచార్య దయ్యం మన వంటింటిలోనికే వచ్చును. పొయ్యి మనది, అత్తాకోడళ్లు మనవారు. ఎరిగిన చోట ఎరుగనిది కనిపించుటచే భయం, ఆ ఎరుగనిది ఎరిగిన పనులే చేయుటచే నవ్వు ఒకేసారి పుట్టును. ఆ భయానికి మూలం కూడ ఊరక కల్పించినది కాదు. మాట తప్పిన మగవాడు, న్యాయం దొరకని ఆడది అందుకు మూలం. బ్రతికినప్పుడు వినని ఏడుపును చచ్చిన తరువాత వినక తప్పదని ఆ కథ హెచ్చరించును. చివరకు ధర్మం గెలుచును, దీపం వెలుగును, పిల్లలు ఇంటికిపోయి నిద్రింతురు. ఇది డేరాలో నేలపై కూర్చున్న ప్రేక్షకుని ఎదుట ఆయన నేర్చిన పాఠం.

లోపాలు లేవని ఎవరును అనరు. కథలు మరల మరల ఒకే మూసలో పడినవి. అనవసరమైన నృత్యాలు చొరబడినవి. శాపం, వరం తగిలించి చిక్కుముడిని తేలికగా విప్పు అలవాటు పెరిగినది. 1980వ దశకంలో అభిరుచి మారగా, ‘జగన్మోహిని’ వంటి విజయం ఆయనకు మరల దక్కలేదు. 1999 మే 28న, డెబ్బదితొమ్మిది ఏండ్ల వయస్సున కన్నుమూసినారు. 2009లో తమిళులు ‘జగన్మోహిని’ని అదే పేరుతో మరల తీసినారు. అప్పటికి యంత్రసౌకర్యాలు ఎన్నో రెట్లు పెరిగి ఉన్నవి. అయినను జనం నాలుకపై నిలిచినది పాత దయ్యమే.

పెద్ద కవిని అంచనా కట్టు తూనికరాళ్లతో జానపద గాయకుని తూచుట సరికాదని సాహిత్య విద్యార్థులకు చెప్పుచుందుము. చిత్రకళకును ఆ సూత్రం వర్తించును. చదువు లేని మనిషి చదువు లేని జనాన్ని చిన్నచూపు చూడక, వారి రెండు గంటల సుఖానికి జీవితమంతయు శ్రమించినాడు. విఠలాచార్య సినిమా అను మాటలోని వెక్కిరింత మన ఎరుగమికి చెందును. వాత్సల్యమే ఆయనకు చెందును. ఖాజాగూడ పిల్లలు అక్టోబరు రాత్రి ఏ దేశపు దయ్యాన్నయినను చూడవచ్చును. ఆ వరుసలో ఉద్యావర విఠలాచార్య దయ్యానికి కూడ ఒక పీట వేయించుట, అందలి కథలు ఏ అవ్వల నోట పుట్టినవో చెప్పుట ఉపాధ్యాయుల పని.