మూడు రూపాయల పంతులు

రుషికొండ నుంచి సముద్రం వెంబడి నగరం వైపు వస్తే ఆంధ్ర విశ్వవిద్యాలయం చేరుకుంటాం. 1926లో ఏర్పడిన ఈ విద్యాపీఠం 1970లో గుర్రం జాషువాను కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. అప్పటికి ఆయనకు దాదాపు 75 ఏళ్లు. మరుసటి ఏడాది, 1971 జూలై 24న, గుంటూరులో ఆయన కన్నుమూశారు. రుషికొండ కళాశాలల్లో నేడు చదువుతున్న దళిత, బహుజన విద్యార్థులు ఆ గౌరవాన్ని గుర్తుంచుకుంటే చాలదు. అది ఎంత ఆలస్యంగా దక్కిందో కూడా గుర్తుంచుకోవాలి.

జాషువాను మనం కవిగా స్మరిస్తాం. కుటుంబాన్ని పోషించుకోవడానికి జీవితమంతా కష్టపడిన ఉద్యోగిగా స్మరించం. ఆయన 1895 సెప్టెంబర్ 28న వినుకొండలో జన్మించారు. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. తల్లిదండ్రులు క్రైస్తవం స్వీకరించినా ఊరు ఆ బిడ్డను అంటరానివాడిగానే లెక్కగట్టింది. 1910లో, పదిహేనేళ్ల ప్రాయంలో, మేరీతో వివాహమైంది. ఆ వెంటనే సంసార భారం మీద పడింది. మిషనరీ పాఠశాలలో నెలకు 3 రూపాయల జీతంతో పంతులుగా చేరారు. ఆ కొలువూ నిలవలేదు.

పని వెతుక్కుంటూ రాజమండ్రి వెళ్లారు. అవి మూకీ సినిమాల రోజులు. 1915-16లలో తెర పక్కన నిలబడి కథను, సంభాషణలను ప్రేక్షకులకు చదివి వినిపించే వాచకుడిగా పనిచేశారు. ఆ తరువాత గుంటూరులో లూథరన్ చర్చి నడిపిన ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు, 1928 నుంచి 1942 వరకు అక్కడి ప్రభుత్వ శిక్షణాలయంలో తెలుగు పండితుడిగా కొనసాగారు. ఉభయభాషా ప్రవీణ పట్టా సాధించారు. ‘ఫిరదౌసి’, ‘గబ్బిలం’ వంటి కావ్యాలు వెలువడింది ఈ ఉద్యోగ కాలంలోనే. గుడిలోకి గబ్బిలం వెళ్లగలదు, మనిషి వెళ్లలేడు. ఈ దుర్మార్గాన్ని కాశీ విశ్వనాథుడి ముందు పెట్టిన కవి పగలంతా బడిలో పాఠం చెప్పి వచ్చినవాడు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆయన యుద్ధ ప్రచారకుడిగా కూడా పనిచేశారు. గాంధీ మరణానికి కావ్యరూపంలో విలపించిన కవి వలస ప్రభుత్వ యుద్ధానికి ప్రచారం చేయడమేమిటని ప్రశ్నించేవారు ఉండవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. అయితే భూమి, వారసత్వ సంపద ఉన్నవాడికి ఉద్యోగం ఒక ఎంపిక. అవి లేనివాడికి అది పొయ్యిలో నిప్పు. ఆ తేడాను పక్కనబెట్టి తీర్పు చెప్పడం కులం తెలియని విమర్శ అవుతుంది.

ఆయనకు రెండు వైపులా తలుపులు మూసుకున్నాయి. పురాణగాథలను కావ్యవస్తువుగా స్వీకరించినందుకు క్రైస్తవ సమాజం వెలివేసింది. కులం చూసి హిందూ పండిత సమాజంలో పలువురు దూరం జరిగారు. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి వంటి దిగ్గజం స్వయంగా గండపెండేరం తొడగడం ఆ కాలానికి సాహసమే. ఒకరి ఔదార్యం సమాజ న్యాయానికి ప్రత్యామ్నాయం కాదు. ఈ వెలివేతల భారం కవి ఒక్కడిదే కాదు, ఆ ఇంటిల్లిపాదిదీ.

పసిబిడ్డ మీద పద్యాలల్లిన ఆ తండ్రి, కూతురి విషయంలో తాను రాసిన మాటకు కట్టుబడ్డారు. 1960లో కుమార్తె హేమలత, నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు లవణాన్ని వివాహమాడారు. కులాన్ని, మతాన్ని దాటిన ఆ పెళ్లికి తండ్రి అంగీకరించారు. తరువాతి కాలంలో హేమలత స్టువర్టుపురంలో నేరస్థ ముద్ర పడిన కుటుంబాల పునరావాసానికి, నిజామాబాద్ జిల్లాలో జోగినీ దురాచార నిర్మూలనకు కృషిచేశారు. తండ్రి జీవితాన్ని గ్రంథస్థం చేసినదీ ఆమే. కవి ఇంటి నుంచి సమాజానికి అందిన ఆస్తి ఇది.

1957-59 మధ్య మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాత అయ్యేనాటికి ఆయనకు అరవై దాటాయి. కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, శాసనమండలి సభ్యత్వం 1964లో, పద్మభూషణ్ 1970లో వచ్చాయి. ఇంత చదివిన, ఇంత రాసిన మనిషి ఉద్యోగాల జాబితాలో విశ్వవిద్యాలయ ఆచార్య పదవి మాత్రం కనిపించదు. దేహంలో శక్తి ఉన్నన్నాళ్లూ చిన్న జీతాలు, అది ఉడిగాక పెద్ద బిరుదులు. ప్రతిభను పూర్తిగా కాదనలేనప్పుడు కులం అనుసరించే పద్ధతి ఇదే.

ఏటా సెప్టెంబర్ 28న సంస్థలు ఆయన చిత్రపటానికి దండ వేస్తాయి. దండ వేసే చేతితోనే తమ బోధకుల జాబితా తెరిచి చూడాలి. జాషువా వంటి ఇళ్ల నుంచి వచ్చినవారు అందులో ఎందరు, ఏ హోదాలో ఉన్నారు? ఆ లెక్క అడిగే హక్కు రుషికొండ విద్యార్థికి ఉంది. ఆ హక్కును వాడుకోవడమే మూడు రూపాయల పంతులికి నిజమైన నివాళి.