మట్టి నేర్పిన పాఠం

స్కూలు చదువు మధ్యలో ఆగింది. మందుల షాపులో పనికి కుదిరినా నిలబడలేదు. అయినా 21 ఏళ్లకే గీసెన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు జర్మన్ రసాయన శాస్త్రవేత్త జస్టస్ వాన్ లీబిగ్ (1803-1873).

1845లో సొంత ఎరువును మార్కెట్లోకి తెచ్చారు. వానకు కొట్టుకుపోతుందన్న భయంతో దాన్ని నీళ్లలో కరగకుండా తయారుచేయించారు. వేళ్లకు అందక అది ఫెయిలైంది.

అసలు అంత భయం అక్కర్లేదు. చాలా పోషకాలను మట్టే పట్టి ఉంచుతుందని 1850లో ఇంగ్లండ్‌లో జాన్ థామస్ వే ప్రయోగాలతో చూపారు. ఫాస్ఫేట్ అయితే మట్టిలోని ఐరన్ ఆక్సైడ్లకు గట్టిగా అతుక్కుంటుంది. ఎర్రనేలల్లో ఈ పట్టు మరీ ఎక్కువ.

లీబిగ్ దిగిరావడానికి ఏళ్లు పట్టింది. కానీ 1862లో తన ప్రసిద్ధ పుస్తకం కొత్త ముద్రణలో పొరపాటు ఒప్పుకున్నారు. పేరొచ్చాక కూడా దిద్దుకోగలగడమే ఆయన దగ్గర మనం నేర్చుకోవాల్సింది.