అణువుల లోతు చూసిన సన్యాసి

మా చిన్నప్పుడు సఖినేటిపల్లి రేవులో పంటెక్కి వశిష్ఠ దాటితే నరసాపురం. ఆ ఊరి టేలర్ హైస్కూల్లో చదువుకున్న ఓ కుర్రాడు హిమాలయాలకి పోయి, అక్కడ్నుంచి జర్మనీ వెళ్ళి, అణుశాస్త్రవేత్తగా తిరిగొచ్చాడంటే నమ్మగలరా? ఆయనే స్వామి జ్ఞానానంద.

పూర్వాశ్రమంలో పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896 డిసెంబరు 5న భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టారు. పడుచు వయసులోనే ఇల్లు విడిచి యోగసాధనకి వెళ్ళిపోయారు. (ఇంట్లో ఆడవాళ్ళు ఎంత కుమిలిపోయారో!)

1927లో తన ఆధ్యాత్మిక గ్రంథం అచ్చువేయించుకోవడానికి జర్మనీ వెళ్ళారు. అక్కడ ఐన్‌స్టీన్ సిద్ధాంతం ఆయన్ని కట్టిపడేసింది. ఉపన్యాసాలిచ్చుకుంటూ గురువుగారిలా గడిపేయొచ్చు కదా! ముప్పై దాటిన ఆ వయసులో డ్రెస్డెన్‌లో లెక్కలూ, భౌతికశాస్త్రం చదవడానికి విద్యార్థిగా కూర్చున్నారు. పెళ్ళయిన పదేళ్ళకి ఎమ్మే కడదామని కొన్న పుస్తకాలు అటకెక్కించేసినదాన్ని నేను. ఈయన జీవితంలో నన్ను వదలని ఘట్టం ఇదే.

ప్రాగ్‌లో ఎక్స్‌ కిరణాల మీద డాక్టరేటు, లివర్‌పూల్‌లో న్యూట్రాన్ కనిపెట్టిన చాడ్విక్ దగ్గర పరిశోధన, ఆపైన అమెరికాలో మిచిగాన్.

ఇంతకీ ఏం కొలిచేవారు? ఉప్పునే తీసుకోండి. ఉప్పులోని సోడియం కేంద్రకంలో ఓ న్యూట్రాన్ చేరితే (మన వంటింట్లో జరగదు లెండి, రియాక్టరు కావాలి) అది రేడియోధార్మికమవుతుంది. తర్వాత బీటా కణాన్ని విసిరేసి మెగ్నీషియంగా మారుతుంది. మారగానే కుదురుగా ఉండదు. పొంగొచ్చిన పాలలా ఎగసి ఉండి, గామా కిరణాలు వదిలాకే నెమ్మదిస్తుంది. ఆ ఎగసిన స్థితుల్లో అట్టడుగుదాని ఆయుష్షెంతో తెలుసా? సెకనుని లక్ష కోట్ల ముక్కలు చేస్తే సుమారు రెండు ముక్కలు! మామూలు గడియారాలకి అందదు. అందుకే ఇలాంటి తేలిక కేంద్రకాల్ని వేగంగా పరుగెత్తించి, అవి ఏ లోహంలోనో ఆగిపోయేలోపు వదిలిన గామా శక్తి ఎంత తేడా పడిందో చూసి లెక్కకడతారు. ఎదురొచ్చే బస్సు హారను కీచుగానూ, దాటిపోయాక బొంగురుగానూ వినిపించదూ, ఆ సూత్రమే.

జ్ఞానానందగారి పని దానికి ముందు మెట్టు. బీటా కణం శక్తి కొలిస్తే కేంద్రకం ఎంత ఎత్తున ఎగసి ఉందో తెలుస్తుంది. గాలి తగిలితే కణం శక్తి పోతుంది గనక పరికరంలో గాలంతా తోడెయ్యాలి. ఆ విద్య మీదే ఆయన రాసిన ‘హై వాక్యువా’ 1947లో అచ్చయింది. దానిమీద కూడా సన్యాసి పేరే!

స్వాతంత్ర్యం వచ్చాక ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో పనిచేశారు. 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. అప్పటికి యాభై ఏడేళ్ళు. అందరూ పింఛను లెక్కలు వేసుకునే ఆ వయసులో అణుభౌతికశాస్త్ర విభాగాన్ని, పరిశోధనశాలని మొదట్నుంచీ కట్టుకొచ్చారు.

1969 సెప్టెంబరు 21న కన్నుమూశారు. విశాఖలోని ఆ పరిశోధనశాలకి ఆయన పేరే పెట్టారు.